పొడి గాలిలో చేసిన కొలతలు

ఏం పని చేస్తావని మా వైపు వాళ్లు అడిగితే "లోహాల పరిశోధన" అని ముక్తసరిగా చెప్పి తప్పించుకునేవాణ్ణి. అసలు పని ఇది: రెండు లోహాలు కలిపి కరిగించి పోసిన చిన్న బిళ్లను కొలిమిలో ఎనిమిది వందల, తొమ్మిది వందల డిగ్రీల వేడిలో ఉంచి, దాని మీద ఆక్సైడు పొర ఎంత వేగంగా పెరుగుతుందో తూకం వేసి చూడటం. బిళ్ల బరువు పెరుగుతుంది. పెరిగినదంతా అది పట్టుకున్న ఆక్సిజన్. గంటగంటకూ ఆ పెరుగుదలను గ్రాఫు మీద పెడితే మొదట నిటారుగా లేచి, తర్వాత వాలిపోయే గీత ఒకటి వస్తుంది. నా ఉద్యోగ జీవితమంతా ఆ గీత వెంటే పోయింది. ఇనుము, క్రోమియం. నికెల్, క్రోమియం. రాగి, అల్యూమినియం. ఎప్పుడూ రెండే. మూడోది చేరితే చిరాకు పడేవాణ్ణి.

ఎందుకు ఎప్పుడూ రెండే అని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు అలాంటి ప్రశ్నలకు తీరిక ఉండదు. ఉన్నా, వాటికి ప్రమోషన్లు రావు. పాల్వంచ నుంచి బూర్గంపాడు వైపు వెళ్లే దారిలో, అడవి అంచున ఉన్న మా ఊరికి తిరిగొచ్చాక తీరిక దొరికింది. డాబా మీద నిలబడితే ఒక పక్క పాల్వంచ పొగగొట్టాలు, ఇంకో పక్క కిన్నెరసాని అడవి. నా లెక్కలు నేను చూసుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

ముందు నా తరఫు వాదన చెప్పుకుంటాను, అది బలంగానే ఉంది కాబట్టి.

ఒక్క లోహాన్ని కాల్చినప్పుడు జరిగేది తేలిగ్గానే అర్థమవుతుంది. పైన ఆక్సైడు పొర పడుతుంది. ఆ పొరకు పగుళ్లు లేకపోతే, లోహం బయటికి రావాలన్నా, ఆక్సిజన్ లోపలికి పోవాలన్నా ఆ పొరలోంచే దూరుకుంటూ పోవాలి. పొర మందమయ్యేకొద్దీ దారి పొడుగవుతుంది, నడక నెమ్మదిస్తుంది. మందం రెట్టింపు కావాలంటే కాలం నాలుగింతలు పడుతుంది. 1920లో జర్మనీలో టామన్, 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ దీన్ని కొలిచి చూపించారు. ఎందుకలా అన్నది 1933లో కార్ల్ వాగ్నర్ చెప్పాడు: ఆ పొరలో నడిచేవి అయాన్లు, ఎలక్ట్రాన్లు, వాటి నడక వేగం తెలిస్తే పొర పెరిగే వేగం కాగితం మీదే లెక్క కట్టవచ్చు. నిప్పులో కాలుతున్న లోహం గురించి అంతకు ముందు ఎవరూ అంత ధైర్యంగా మాట్లాడలేదు.

రెండో లోహం చేరగానే పంచాయితీ మొదలవుతుంది. ఆక్సిజన్ మీద రెంటికీ సమానమైన ఆశ ఉండదు. ఇనుము కంటే క్రోమియానికి ఎక్కువ, క్రోమియం కంటే అల్యూమినియానికి ఇంకా ఎక్కువ. ఆశ ఎక్కువున్న లోహం తగినంత ఉంటే, అది ముందుగా పైకి వచ్చి తన ఆక్సైడుతో ఉపరితలమంతా మూసేస్తుంది. తగినంత లేకపోతే పైకి వచ్చే తీరిక దానికి ఉండదు. ఆక్సిజనే లోపలికి వెళ్లి, అది ఉన్నచోటనే పట్టుకుని, లోహం కడుపులో చిన్న చిన్న గింజలుగా మార్చేస్తుంది. ఎంత ఉంటే పైకి వస్తుంది, ఎంతకు తగ్గితే లోపలే దొరికిపోతుంది అనే హద్దును కూడా 1950లలో వాగ్నరే లెక్క కట్టాడు. వేడికి లోహాన్ని కాపాడేది కాలని గుణం కాదు, అందరికంటే ముందు తాను కాలే గుణం. చదువుకునే రోజుల్లో ఈ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇందులో అన్నిటికంటే వింతైనది నికెల్ కథ. శుద్ధమైన నికెల్ వేడికి బాగానే ఓర్చుకుంటుంది. దానికి రెండు మూడు శాతం క్రోమియం కలిపితే ఇంకా ఓర్చుకోవాలి కదా? ఓర్చుకోదు. శుద్ధ నికెల్ కంటే వేగంగా ఆక్సీకరణ అవుతుంది. క్రోమియం అయాన్లు నికెల్ ఆక్సైడు పొరలోకి చేరి, అక్కడ ఖాళీ స్థానాలు పెంచుతాయి. ఖాళీలు పెరిగితే నికెల్ బయటికి నడిచే దారి సులువవుతుంది. ఇంకొంచెం కలిపినా అంతే. పదిహేను శాతం దాటి ఇరవైకి చేరేసరికి గాని గీత ఒక్కసారిగా కిందికి పడదు. అప్పుడు క్రోమియం తన సొంత పొర కట్టుకోగలుగుతుంది. 1906లో ఆల్బర్ట్ మార్ష్ అమెరికాలో పేటెంటు తీసుకున్న నైక్రోమ్ తీగ ఇదే, ఎనభై పాళ్ల నికెల్‌కు ఇరవై పాళ్ల క్రోమియం. మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె ఇన్నేళ్లు కాలి కూడా తెగకుండా ఉందంటే ఆ ఇరవై పాళ్ల పుణ్యమే.

ఈ నికెల్ సంగతిని నేను ఎన్ని కాలేజీ సభల్లో నీతికథగా వాడుకున్నానో చెప్పలేను. అరకొర మంచితనం అసలు లేనిదాని కంటే చేటు అని చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. ఇప్పుడు సిగ్గేస్తుంది. నికెల్‌కి నీతి లేదు. పిల్లలు నీతిని గుర్తుపెట్టుకున్నారు, ఖాళీ స్థానాల సంగతి మరిచిపోయారు. అది వాళ్ల తప్పు కాదు.

ఇంతవరకూ నా వాదన. రెండు లోహాలైతేనే ఏ మార్పుకు ఏది కారణమో తేల్చి చెప్పగలం. మూడోది చేరితే మూడు జంటల గొడవలు, నాలుగోది చేరితే ఆరు. కారణం తెలియాలంటే సరళంగా మొదలుపెట్టాలి. శాస్త్రం నడిచేది ఇలాగే. దీన్ని ఎవరూ కాదనరు, నేనూ ఈ రోజుకీ కాదనను.

అయితే నన్ను రెంటి దగ్గరే ఆపింది ఈ వాదన ఒక్కటేనా?

మా వైపు రెండు లోహాల మిశ్రమాలు లేకేం, ఇంటింటా ఉన్నాయి. పుస్తెలతాడు తెగి కంసాలి దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఊదుగొట్టంతో మంట ఊది అతుకు పెట్టేవాడు. మంట తీసేసరికి ఎర్రటి బంగారం నల్లగా మాడిపోయి ఉండేది. చిన్నప్పుడు నాకు భయమేసేది, అమ్మ బంగారం పాడైపోయిందని. నగ బంగారం ఇరవై రెండు కేరెట్లంటే నూటికి తొంభై ఒకటిన్నర పాళ్లకు కాస్త పైన బంగారం, మిగిలింది ఎక్కువగా రాగి, వెండి. బంగారానికి ఆక్సిజన్ ఎంత వేడిలోనూ అంటదు. రాగి ఊరుకోదు. మంటలో రాగి పైకి వచ్చి నల్లటి ఆక్సైడు అవుతుంది. కంసాలి దాన్ని పుల్లటి నీళ్లలో వేసి కడిగేవాడు. నలుపు కరిగిపోతుంది, అడుగున రాగి తగ్గిన బంగారం మరింత పచ్చగా బయటపడుతుంది. దక్షిణ అమెరికాలో కొలంబస్‌కు ముందటి పనివాళ్లు ఇదే పనిని మళ్లీ మళ్లీ చేసి, రాగి ఎక్కువున్న వస్తువుకు కూడా మేలిమి బంగారపు మొహం తెప్పించేవారు. వెండిలో కథ ఇంకొంచెం కష్టం. అక్కడ ఆక్సిజన్ వెండిలోంచి లోపలికి దూరిపోయి రాగిని లోపలే పట్టుకుంటుంది. ఆ మసక ఎంత కడిగినా పోదు, పై వెండిని అరగదీయాల్సిందే. వాగ్నర్ లెక్కలోని రెండో కథ ఇదే. భద్రాచలం గుళ్లో రామదాసు చేయించాడని చూపించే నగలను నేనెన్నోసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ భక్తి కంటే ముందు వీటిలో రాగి ఎంతో అనే ఆలోచన వచ్చేది. దీనికి మా అమ్మ నన్ను క్షమించలేదు.

సంతలో కమ్మరి కొలిమి దగ్గర కూడా ఇదే శాస్త్రం. నాగటి కర్రు సాగదీయడానికి ఎర్రగా కాల్చి దాగలి మీద పెట్టి సమ్మెట దెబ్బ వేస్తే, నల్లటి పొలుసులు రాలిపడతాయి. ఇనుము 570 డిగ్రీలు దాటి కాలితే పొర మూడు అంతస్తులుగా పడుతుంది. అన్నిటికంటే కింద, ఇనుముకు ఆనుకుని, మందమైన వుస్టైటు. దాని మీద మాగ్నటైటు. పైన పల్చగా ఎర్రటి హెమటైటు. బాగా ఎర్రగా కాలినప్పుడు పొరలో తొంభై అయిదు పాళ్ల వరకూ ఆ కింది అంతస్తే. అందులో ఖాళీ స్థానాలు ఎక్కువ, అందుకే అంత వేగంగా పెరుగుతుంది. ఉక్కులో ఇనుముకు జోడు కార్బన్. కార్బన్ పొర కట్టదు, వాయువుగా మారి లేచిపోతుంది. అందుకే ఎక్కువసేపు కాల్చిన కొడవలి అంచు మెత్తబడిపోతుంది. ఈ సంగతి కమ్మరికి బాగా తెలుసు. కర్రును నిప్పుల్లో ఎంతసేపు ఉంచాలో రంగు చూసి చెబుతాడు. నేను ఆ కొలిమి దగ్గర చిన్నప్పుడు గంటలకొద్దీ నిలబడ్డాను. పెద్దయ్యాక, ఈ శాస్త్రమే చదివాక, ఒక్కసారీ నిలబడలేదు. సెలవులకు వచ్చినప్పుడు ఆ పక్కగానే నడిచి వెళ్లేవాణ్ణి. ఇది మరిచిపోవడం కాదు. అక్కడ నాకు తెలియని సంగతులు చాలా ఉన్నాయని తెలిసే నడిచిపోయాను.

ఇక పాల్వంచ. ఆక్సీకరణ చదువుకున్నవాడికి ఇంతకంటే మంచి ఊరు దేశంలో ఎక్కడుంటుందో నాకు తెలియదు. ఇక్కడ 1980లో స్పాంజ్ ఐరన్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. కోకింగ్ కాని మామూలు బొగ్గుతో ఇనుప ఖనిజాన్ని స్పాంజ్ ఐరన్‌గా మార్చే పద్ధతికి మన దేశంలో అది తొలి కర్మాగారం, 2010లో ఎన్.ఎం.డి.సి.లో కలిసింది. అక్కడ జరిగిన పనంతా ఆక్సిజన్‌ను ఇనుములోంచి వెళ్లగొట్టడమే. ఖనిజం కరగకుండానే ఆక్సిజన్ పోతుంది కాబట్టి మిగిలిన ఇనుము బొరియలు బొరియలుగా ఉంటుంది. తడిస్తే మళ్లీ ఆక్సిజన్ పట్టుకుని వేడెక్కి అంటుకోగలదు కూడా, అందుకే దాన్ని వాన తగలకుండా దాస్తారు. ఆ ఊళ్లోనే 1966 నుంచి థర్మల్ కేంద్రం ఉంది. అక్కడ రేయింబవళ్లు చేసే పని, ఇనుములోకి ఆక్సిజన్ రాకుండా, వచ్చినా నెమ్మదిగా వచ్చేటట్టు చూసుకోవడం. ఒకే ఊళ్లో ఈ చివర వెళ్లగొట్టే పని, ఆ చివర రాకుండా ఆపే పని. రెంటికీ బొగ్గు ఇచ్చేది సింగరేణి.

థర్మల్ కేంద్రం బాయిలర్‌లో ఆవిరిని చివరిగా వేడెక్కించే ట్యూబులను సూపర్ హీటర్లంటారు. పాత తరహా యూనిట్లలో ఆవిరి 540 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, ట్యూబు లోహం దానికంటే ఇంకాస్త వేడిగా ఉంటుంది. ట్యూబు బయట మంట, బూడిద. లోపల ఆవిరి. ఆ వేడిలో ఆవిరి కూడా ఇనుముకు ఆక్సిజన్ ఇస్తుంది, తనలోని హైడ్రోజన్‌ను వదిలేస్తుంది. లోపలి గోడ మీద రెండు అంతస్తుల పొర పడుతుంది. పై అంతస్తు మాగ్నటైటు, అది బయటికి పెరుగుతుంది. కింది అంతస్తులో ఇనుముతో పాటు క్రోమియం, అది లోపలికి పెరుగుతుంది. రెంటి మధ్య గీత ఎక్కడుందో, ట్యూబు కొత్తగా ఉన్నప్పుడు దాని గోడ సరిగ్గా అక్కడే ఉండేది. మైక్రోస్కోపు కింద ఆ గీతను చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ పొర వేడిని తేలిగ్గా దాటనివ్వదు. అంటే లోపలి ఆవిరి ట్యూబును సరిగ్గా చల్లబరచలేదు. ట్యూబు ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కితే పొర ఇంకా పెరుగుతుంది. ఇంతకంటే పెద్ద ప్రమాదం బాయిలర్ ఆపినప్పుడు వస్తుంది. లోహం, ఆక్సైడు ఒకేలా ముడుచుకోవు. స్టెయిన్‌లెస్ రకం ట్యూబుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. చల్లబడుతున్నప్పుడు పొర పెచ్చులూడి రాలిపోయి ట్యూబు కింది వంపులో పోగుపడుతుంది. మళ్లీ బాయిలర్ వెలిగించినప్పుడు ఆ వంపులో ఆవిరి సరిగ్గా పారదు, ట్యూబు మితిమీరి కాలి పగులుతుంది. కాలుతున్నన్నాళ్లూ నిలిచిన లోహం ఆపి వెలిగించినప్పుడు పోతుంది. పెచ్చులు కొన్ని ఆవిరితో పాటు వెళ్లి టర్బైన్ రెక్కలను కూడా కొడతాయి.

నా మేనబావ ఒకాయన ఒక థర్మల్ కేంద్రంలో బాయిలర్ మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఏ కేంద్రమన్నది ఇక్కడ అనవసరం, ట్యూబ్ లీకులు అన్ని చోట్లా ఉంటాయి. లీకు వచ్చి షట్‌డౌన్ అయిందంటే పండగైనా, పెళ్లైనా ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు. ఫర్నేసు చల్లారగానే లోపలికి దూరి, పగిలిన ట్యూబు కోసి, కొత్తది వెల్డింగ్ చేయించి బయటికి వచ్చేసరికి మనిషిని గుర్తుపట్టలేకపోయేవాళ్లం. ఒక పెళ్లిలో నేను ఆయనకు నా పని వివరించబోయాను. తొమ్మిది శాతం క్రోమియం ఉన్న ఉక్కు మీద పొర ఎంత పల్చగా, ఎంత అందంగా పడుతుందో చెబుతున్నాను. అంతా ఓపిగ్గా విన్నాడు.

"మీ ల్యాబుల ఆవిరి ఉంటదా బావా?" అని అడిగాడు.

లేదన్నాను. సిలిండర్‌లోంచి వచ్చే పొడి గాలి, తేమ తీసేసిన గాలి వాడతామన్నాను. ఆయన తలూపి, భోజనాలకు లేద్దామన్నాడు.

ఆ ప్రశ్న ఎంత సరైనదో నాకు అప్పుడే తెలుసు. తొమ్మిది శాతం క్రోమియం ఉక్కు ఆరు వందల డిగ్రీల ప్రాంతంలో పొడి గాలిలో పల్చటి రక్షక పొర కట్టుకుంటుంది. అదే వేడిలో ఆవిరి తగిలితే ఆ రక్షణ నిలవదు, మందమైన రెండంతస్తుల పొర పెరుగుతుంది. కారణాల మీద వాదన ఇంకా నడుస్తోంది. తేమ, ఆక్సిజన్ రెండూ ఉన్నచోట క్రోమియం ఆక్సైడు ఆవిరై లేచిపోయే హైడ్రాక్సైడుగా మారుతుందన్నది మాత్రం ఖాయం. ఇవన్నీ తెలిసీ పొడి గాలినే పట్టుకుని కూర్చున్నాను. ఆవిరి పెడితే గొట్టాల్లో నీళ్లు చేరతాయి, తూకం తప్పుతుంది, గీత వణుకుతుంది. వణికే గీతను జర్నల్ వాళ్లు తిప్పి పంపుతారు.

నా వ్యాసాల్లో అబద్ధం లేదు. ప్రతి దానిలోనూ పొడి గాలి అని రాశాను. అయితే ప్రతి దానిలోనూ మొదటి వాక్యం మాత్రం ఒకటే: థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో వాడే మిశ్రమాలకు ఈ అధ్యయనం ఎంతో ముఖ్యమని. ఆ మొదటి వాక్యం రాసేటప్పుడు పాల్వంచ పొగగొట్టాలే నా కళ్ల ముందు ఉండేవి. రెండో వాక్యం నుంచి అవి ఎక్కడా ఉండేవి కావు. పేరంటానికి పిలిచి వాకిట్లోనే నిలబెట్టినట్టు, మా ఊరిని ఉపోద్ఘాతంలో నిలబెట్టేసి లోపలికి వెళ్లిపోయాను. మోసమంటే పెద్ద మాటవుతుంది, అలవాటంటే చిన్న మాటవుతుంది.

రెండు లోహాలే ఎందుకంటే ఇప్పుడు నాకు తోచే జవాబులో మూడు పాళ్లున్నాయి. ఒకటి నిజమైన ఇష్టం, దాన్ని వదులుకోను. రెండోది భయం. అసలు ట్యూబు ముక్క ఒకటి నా ముందు పెట్టి, ఇది ఇంకెన్నాళ్లు నిలుస్తుందో చెప్పమంటే, తప్పు చెబితే మనుషులు దాని పక్కన నిలబడి పనిచేస్తుంటారు. బిళ్ల గురించి తప్పు చెబితే ఎవరికీ కాలదు. మూడోది చెప్పుకోవడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. ఏజెన్సీ అంచు బడిలో చదువుకుని వెళ్లినవాడికి వాగ్నర్ పేరు పక్కన తన పేరు ఫుట్‌నోట్‌లోనైనా కనబడాలని ఉంటుంది. బావ కోసి తెచ్చిన మసి ట్యూబు పక్కన కనబడాలని ఉండదు. భయమూ, ఈ మూడోదీ కలిసి ఇష్టం వేషం వేసుకుని తిరిగాయి. వాటిని విడదీయడానికి నాకు రిటైర్మెంటు కావలసి వచ్చింది.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. నేను కొలిచే పొరకూ, అడవికీ సంబంధం లేదని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. ఉంది. ఆవిరి ఎంత వేడిగా ఉంటే అదే బొగ్గుకు అంత ఎక్కువ కరెంటు వస్తుంది. వేడి ఎంతవరకూ పెంచగలమన్నది ట్యూబు మీద ఆధారపడుతుంది, దాని బలం మీద, లోపలి పొర మీద. పాల్వంచలో 2018 డిసెంబర్‌లో వచ్చిన 800 మెగావాట్ల ఏడో దశ సూపర్ క్రిటికల్ యూనిట్, అంటే ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి, మెరుగైన ఉక్కు. గోదావరి ఒడ్డున మణుగూరు దగ్గర 2020, 2022 మధ్య నడక మొదలుపెట్టిన భద్రాద్రి కేంద్రంలోని నాలుగు 270 మెగావాట్ల యూనిట్లు పాత సబ్ క్రిటికల్ రకం. ట్యూబుకు కష్టం తక్కువ, యూనిట్ కరెంటుకు బొగ్గు ఎక్కువ. ఆ బొగ్గు ఎక్కడిది? 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు పొరలు కనుక్కున్నప్పటి నుంచి, 1889లో తవ్వకం మొదలైనప్పటి నుంచి, ఈ అడవి కిందిదే. ఇప్పుడు సొరంగాలకంటే ఓపెన్ కాస్టుల నుంచే ఎక్కువ బొగ్గు వస్తుంది. పైన చెట్లు, కోయల పోడు చేలు, వాగులు తీసేశాకే కింది బొగ్గు వస్తుంది. ట్యూబు లోపల వెంట్రుకంత మందం పొరను అదుపులో పెట్టగలిగితే పైన కొంత అడవి మిగులుతుంది. ఇది కవిత్వం కాదు, లెక్క. ఆ లెక్క వేయగల చదువు ఉండి కూడా నేను వేయలేదు. మరొకరు వేస్తారని కూడా అనుకోలేదు. అసలు అది లెక్కే అని తోచలేదు.

నిఖార్సైన రెండు లోహాల మిశ్రమం కోసం కూడా నేను దూరం పోనక్కర లేకపోయింది. మణుగూరు దగ్గర అశ్వాపురంలో 1991 నుంచి భారజల కర్మాగారం ఉంది. గోదావరి నీళ్లలోంచి, హైడ్రోజన్ సల్ఫైడు సాయంతో, భారజలం వేరు చేస్తారు. ఆ భారజలం మన అణు రియాక్టర్లలో సుమారు మూడు వందల డిగ్రీల వేడితో పారే గొట్టాలు జిర్కోనియం, నయోబియం మిశ్రమంవి. నూటికి రెండున్నర పాళ్లు నయోబియం. చేసేది హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయం. అక్కడ కూడా లోపలి గోడ మీద ఆక్సైడు పొర పడుతుంది, అది మంచిదే, గొట్టాన్ని కాపాడుతుంది. చిక్కంతా మిగిలినదానితో. నీటిలోంచి ఆక్సిజన్ తీసుకున్నాక విడిపోయిన బరువైన హైడ్రోజన్‌లో, అంటే డ్యుటీరియంలో, కొంత లోహంలోకి చేరుతుంది. అది ఎక్కువైతే పెళుసైన హైడ్రైడ్ ముక్కలుగా మారుతుంది. 1983 ఆగస్టు 1న కెనడాలోని పికరింగ్‌లో ఒక గొట్టం ఇలాగే పగిలింది. అది పాత రకం జిర్కలాయ్ మిశ్రమం, తర్వాత అలాంటి వాటి స్థానంలో నయోబియం రకం గొట్టాలు వేశారు. రియాక్టర్ మితిమీరి వేడెక్కితే జిర్కోనియం ఆవిరితో వేగంగా మండి హైడ్రోజన్ వదులుతుంది. 2011లో ఫుకుషిమాలో భవనాల పైకప్పులు లేచిపోయింది ఆ హైడ్రోజన్ వల్లే. రెండే లోహాలు, నిజమైన పని, మా జిల్లా నీళ్లు. అంతకంటే ఏం కావాలి నాకు? అయినా నా బిళ్లల్లో జిర్కోనియం ఎప్పుడూ లేదు. దాన్ని బట్టి చూస్తే సరళత మీద ప్రేమ అనే నా వాదన కూడా పూర్తిగా నిలబడదు. నాకు కావలసింది సరళత కాదు, జవాబుదారీ లేని సరళత.

ఇక్కడ ఆగి నన్ను నేను కొట్టుకోవడం మొదలుపెడితే అదీ ఒక రకమైన గొప్పలకు పోవడమే. పొడి గాలిలో చేసిన కొలతలు పనికిరానివి కావు. ఆవిరి ఏం పాడు చేస్తుందో తెలియాలంటే, ఆవిరి లేనప్పుడు ఎలా ఉంటుందో ఎవరో ఒకరు చూసి పెట్టాలి. నేను చూసి పెట్టాను. అక్కడితో నా పని అయిపోయిందని అనుకోవడమే చెల్లదు.

పాల్వంచలో 1966 నుంచి 1978 వరకు ఒక్కొక్కటిగా వచ్చిన పాత యూనిట్లు, మొత్తం 720 మెగావాట్లవి, 2020 నాటికి ఆగిపోయాయి. 2024 ఆగస్టు 5న వాటి కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేలుడుతో కూల్చేశారు. అందరిలా నేనూ ఫోనులో ఆ వీడియో చూశాను. క్షణాల్లో దుమ్ము లేచింది. అందరూ టవర్ల గురించి మాట్లాడారు, నాకు ట్యూబులు గుర్తొచ్చాయి. లోహం వేడిలో ఎలా ముసలిదవుతుందో చెప్పడానికి మేము ల్యాబులో వెయ్యి గంటలు కాల్చి, దాన్ని లక్ష గంటలకు సాగదీసి రాస్తాం. లక్ష గంటలంటే పదకొండు ఏళ్ల పైమాట, ఏ విద్యార్థికీ అంత కాలం ఫెలోషిప్ ఇవ్వరు. నిజమైన ఆవిరిలో, నిజమైన బొగ్గు మంటలో, ఆపడాలు, వెలిగించడాలు అన్నీ చూసిన లక్ష గంటల లోహం ఈ దేశంలో బాయిలర్ల దగ్గర తప్ప ఎక్కడా దొరకదు. మార్చిన ప్రతి ట్యూబు ఆ కాలం మొత్తాన్ని తన గోడలో రాసుకుని వస్తుంది. ఆ రాత చదవడం నాకు వచ్చు. ఆ ట్యూబుల్లో ఒక్క ముక్క ఇమ్మని నా సర్వీసు కాలంలో నేను ఎవరినీ అడగలేదు. అడిగితే బావ బస్సులో సంచిలో పెట్టుకుని తెచ్చి ఇచ్చేవాడు.

కాబట్టి ఓవర్‌హాల్‌లో పనిచేసే ఇంజనీర్లకు, ఫోర్‌మెన్లకు ఒక మనవి. ట్యూబు మార్చినప్పుడు పాతదంతా తుక్కుకు పంపకండి. పగిలిన చోటు నుంచి ఒక చుట్టు, బాగున్న చోటు నుంచి ఒక చుట్టు కోయండి. లోపలి పొర రాలకుండా గుడ్డలో చుట్టండి. ఉక్కు రకం, నడిచిన గంటలు, ఆవిరి ఉష్ణోగ్రత, ఎన్నిసార్లు ఆపి వెలిగించారో ఒక కాగితం మీద రాసి కట్టండి. పై అధికారి అనుమతి తీసుకుని దగ్గర్లోని కాలేజీకి ఇవ్వండి. కొత్తగూడెంలో 1978లో మొదలైన గనుల కాలేజీ ఇప్పుడు భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారింది, వరంగల్‌లో లోహశాస్త్రం చెప్పే ఎన్.ఐ.టి. ఉంది. అక్కడి పిల్లలు మీ దగ్గరికి వచ్చి అడిగితే వాళ్లను గేటు దగ్గర నిలబెట్టకండి. పిల్లలూ, మీరు మాత్రం అడగటానికి నాలాగా రిటైరయ్యేదాకా ఆగకండి.